గోడ లోపలి చప్పుడు

గోడ కడుతున్న చప్పుడు నాకు తెలుసు:
తాపీ రాతిని గీకడం, తడి సున్నం జారడం,
మధ్యమధ్య మేస్త్రీ దగ్గు.
టెఫ్టాకి అది పనికిరాలేదు.
"లోపలినుంచి కావాలి" అంది.
"ఇన్నాళ్లూ ఈ కథ మేస్త్రీలు చెప్పారు.
ఈ సినిమాలో కెమెరా ఆమెతో పాటు గోడలోకి వెళ్తుంది,
మళ్లీ బయటికి రాదు."

ష్కొదర్‌లో, మూతబడ్డ బేకరీ కింద నేలమాళిగ నా స్టూడియో.
పాత నూనెకుండలో మైకు దించి
మూతిని పిండిముద్దతో మెత్తి
చుట్టూ ఇటుక మీద ఇటుక పేర్చాను.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను.
మొదటి వరసకి పిట్టలు పోయాయి.
నాలుగో వరసకి వీధి.
ఆఖరికి మగగొంతు ఒకటి మిగిలింది, మొగుడిది,
ఏడుస్తూ,
ఏడుస్తూనే సున్నం అందిస్తూ.

ఈ కథ ఎరగని ఉయ్యాల మా వైపు లేదు.
పగలు కట్టిన కోట రాత్రికి కూలుతుంది.
ముగ్గురన్నదమ్ములు, ముగ్గురు కోడళ్లు.
రేపు సద్ది తెచ్చినదాన్ని గోడలో పెడితే నిలుస్తుందని మాట.
చిన్నది తెస్తుంది.
బిడ్డకోసం ఒక రొమ్ము, ఒక చెయ్యి
బయటికి వదలమని అడుగుతుంది.
పాటలో ఎంత ఇంపుగా అడుగుతుందో!
పాటలో ఆమెకి దగ్గు రాదు.

సినిమాలో వస్తుంది. ఆ దగ్గు నాదే.
సున్నప్పొడికి మూడురోజులు గొంతు పట్టేసింది.
గోళ్లకి అక్రోటు చిప్పలు, పలకరాయి.
పాలచుక్క రాతిమీద పడే చప్పుడుకి
నీళ్లు, నూనె, పల్చని జిగురు, ఏవీ కుదరక
చివరికి పాలే పోశాను.

మొదటి ఆటకి అమ్మమ్మని తీసుకెళ్లాను.
ద్రానె, ఎనభై ఏడేళ్లు,
ఈ పాటతోనే నన్ను నిద్రపుచ్చినావిడ.
తెర నల్లబడిపోయాక
కుర్రాళ్లు పాప్‌కార్న్ నమలడం ఆపేశారు.
వెనక వరసలో ఎవరో వెక్కారు.
అమ్మమ్మ చేతిసంచి తెరిచి
పిప్పరమెంటు బిళ్ల వెతుక్కుంది.

"భయమెయ్యలేదా?" వంతెన దాటుతూ అడిగాను.
"గోడలో ఏం భయమే? అయిపోయిందిగా అప్పటికి."
కొంతదూరం నడిచింది.
"మీ పిల్ల వంటిల్లు చూపించలేదేం?"

ఏ వంటిల్లు?

"పెద్దాళ్లిద్దరూ ముందురాత్రే పెళ్లాల చెవిన వేశారుగా.
తెల్లారేసరికి ఒకామెకి ఉతకాల్సిన బట్టలు గుర్తొచ్చాయి,
ఇంకొకామెకి పుట్టింటి పని.
మరి ఆ రొట్టెమూట కట్టిందెవరు?
చిన్నదాని చేతికిచ్చిందెవరు?
ఎండెక్కకముందే పోయిరా తల్లీ అని
తలగుడ్డ సర్దిందెవరు?"

దీపస్తంభం కింద ఆగింది. ఆయాసమనుకున్నాను.

"ఆ ఇంటికి నేను నడిపి కోడల్ని" అంది.
"మా చిన్న తోడికోడలి పేరు నువ్వెప్పుడైనా విన్నావా?"

వినలేదు.
అప్పుడూ ఆ పేరు చెప్పలేదు.
పంటికింద బిళ్ల చిట్లడం విన్నాను.
పాట ఎన్ని వందలసార్లు పాడిందో,
రొట్టెమూట దగ్గరికొచ్చేసరికి
ఎప్పుడూ గొంతు తగ్గించేది.
నాకు నిద్రొచ్చిందని తగ్గిస్తోందనుకునేదాన్ని.

ఇంటికి పోలేదు ఆ రాత్రి.
నేలమాళిగలో దీపం వేసి, మైకు బల్లమీదికి తెచ్చి,
గుడ్డ పరిచి, మధ్యలో రొట్టె పెట్టి
నాలుగు కొసలూ కలిపి ముడివేశాను.
గుడ్డ గుడ్డని ఒరుసుకున్నంత.
మీటరులో సూది కదల్లేదు.
విప్పాను. ఇంకొంచెం బిగించి వేశాను.
మళ్లీ విప్పాను.
పైన వీధిలో పాలబండి వెళ్లేదాకా
ముడి మార్చి ముడి వేస్తూ కూర్చున్నాను,
అమ్మమ్మ వేళ్లు ఆరోజు వేసిన ముడి
ఏదో తెలియక.